మీటర్ పెట్టి చూసినంకనే చెయ్యేస్తడు: హన్మకొండల ఓవెన్ రిపేర్

మాది కిచెన్ల బిగించిన ఎలక్ట్రిక్ ఓవెన్, దాని కింద వార్మింగ్ డ్రాయర్, అంటే వండినయి వేడిగ ఉంచే సొరుగు. కేక్ పెడితే పైన మాడుతుంది, కింద పచ్చిగనే ఉంటుంది, డ్రాయరేమో మొత్తానికే వేడైతలేదు. కంపెనీ సర్వీస్ నుంచి వచ్చినాయన మూత కూడా ఇప్పకుండ బోర్డు (ఓవెన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ ప్లేటు) పోయింది, మార్చాలె అని చెప్పి పోయిండు. నాకు నమ్మబుద్ధి కాలే. అందుకే హన్మకొండ చౌరస్తా దిక్కు చిన్న రిపేర్ షాపు పెట్టుకున్న అన్నను పిలిచిన, ఈ రివ్యూ ఆయన పని గురించే.

వచ్చుడుతోనే స్క్రూడ్రైవర్ తియ్యలే. ముందు ప్లగ్గు చూసిండు, ఇసొంటి ఓవెన్‌కు 16 ఆంపుల సాకెట్ ఉండాలె, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు అన్నడు. తర్వాత వోల్టేజ్ చూసిండు. ఎండకాలం సాయంత్రం 230 ఉండాల్సింది 190కి పడిపోతే వేడి మూడో వంతు దాకా తగ్గుతదట, అప్పుడు ఓవెన్ మంచిదే ఉన్నా కేక్ ఉడకదు. కరెంటు పోయొచ్చినంక గడియారం టప్పటప్ప కొట్టుకుంటుంటే శాన మోడళ్లల్ల టైం సెట్ చేసేదాక వేడే కాదు, దానికే మెకానిక్‌ను పిలిచేటోళ్లు మస్తుమంది ఉన్నరంట.

మా దగ్గర ఇవేం కావు. అప్పుడు మెయిన్ బంద్ చేసి, వైర్లు ఇప్పి కింద వేడిచేసే కాయిల్‌కు మీటర్ పెట్టిండు, "చూడు అక్కా, 1200 వాట్ల కాయిల్ అంటే 44 ఓమ్‌ల చుట్టుపక్కల చూపియ్యాలె" అని నాకు చూపిచ్చిండు. మీటర్ మీద ఓఎల్ అని వచ్చింది, అంటే కాయిల్ లోపల తెగింది. బయటికి తీస్తే ఒక దగ్గర బుడిపె లెక్క ఉబ్బి పగిలి ఉంది. వేడి ఎంతుందో చూసే సెన్సర్‌కు కూడా మీటర్ పెట్టి చూసిండు, అది మంచిగనే ఉంది. బోర్డుకు ఏం కాలే!

డ్రాయర్ సంగతి ఇంకా చిన్నది. పట్టాల వెనక జొన్న రొట్టె ముక్కలు ఇరికినయి, అందుకే డ్రాయర్ పూర్తిగ మూసుకుంటలేదు, వెనకున్న స్విచ్ నొక్కుకుంటలేదు, స్విచ్ పడకపోతే మా దాంట్ల హీటర్ ఆన్ కాదు. బ్రష్ పెట్టి తీసేసిండు, ఐపోయింది. ఇంకోటి గట్టిగ చెప్పిండు, డ్రాయర్ ఉన్న వేడిని పట్టి ఉంచుతది అంతే, ఫ్రిజ్‌లకెల్లి తీసిన కూర అండ్ల పెట్టి వేడి చేసుకోవద్దు, ముందు పొయ్యి మీద మరగబెట్టి అప్పుడు పెట్టాలె, అది గూడ 60 డిగ్రీల పైననే ఉంచాలె, తక్కువ పెడితే పాడైతది. నిజంగ పనికొచ్చే మాట, ఇంట్ల పిల్లలున్నోళ్లు తప్పకుండ గుర్తుపెట్టుకోవాలె.

లోపం కూడా చెప్పాలె. కాయిల్ ఆయన దగ్గర లేకుండె, హైదరాబాద్ నుంచి తెప్పిచ్చే వరకు ఆగాల్సొచ్చింది, ఫోన్ చేస్తే ఒక్కొక్కసారి ఎత్తడు. బిల్లు అడిగితేనే రాసిచ్చిండు, మీరు అడిగి తీసుకోండి, పార్ట్ గ్యారంటీ అండ్లనే రాయించుకోండి. పాత కాయిల్ మాత్రం అడగకముందే నా చేతికిచ్చి పోయిండు, నాకు అది శాన నచ్చింది. కాజీపేట దాక వస్తడట. పిలిచే ముందు ఓవెన్ తలుపు తీసి అంచు మీదున్న స్టిక్కర్ ఫోటో వాట్సాప్‌ల పంపండి, మోడల్ నంబర్ అండ్లనే ఉంటది, ఉట్టిగ చూసి పోవడానికే ఒకసారి వచ్చే పని తప్పుతది.