టేపు చివరిదాకా తిప్పే షాపు

అటక మీద పాత బీటా టేపులు, డీవీ టేపులు పెట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాత వీడియో టేపుల్ని కంప్యూటర్ ఫైళ్లుగా మార్చిచ్చే షాపు గురించి. హైదరాబాద్ కృష్ణానగర్‌ లోపలి సందులో, రెండో అంతస్తులో ఒక గది. బోర్డు లేదు. షాపు నడిపేది ఒక్కాయన, సాయానికి ఒక కుర్రాడు. పేరు రాయొద్దని ఆయనే అడిగారు. "ఉన్నది ఒక్క బీటా మెషిన్ మేడమ్, పదిమంది ఒకేసారి వస్తే ఎవరి పనీ సరిగ్గా చేయలేను" అన్నారు. ఆ చుట్టుపక్కల ఏ ఎడిటింగ్ రూములోనైనా "పాత టేపులాయన" అని అడగండి, దారి చూపిస్తారు.

నేను తీసుకెళ్లినవి 41 టేపులు. అందులో 32 బీటాక్యామ్ ఎస్పీ (బీటా అంటే ఇవే), 9 అంతకన్నా పాత రకం యూమాటిక్. ఒక నిర్మాతగా నా జీవితమంతా ఆ రెండు అట్టపెట్టెల్లోనే ఉంది.

1989లో ఒక చిన్న యాడ్ ఫిల్మ్ యూనిట్‌లో ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా చేరాను. 1994లో సొంతంగా మొదటి సీరియల్, దూరదర్శన్‌కి, 13 ఎపిసోడ్లు. స్పాన్సర్డ్ పద్ధతి అది. టెలికాస్ట్ ఫీజు మనమే కట్టాలి, బదులుగా కొన్ని సెకన్ల యాడ్ టైమ్ ఇస్తారు, ఆ సెకన్లు మనమే అమ్ముకోవాలి. ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టాను. రేటు కార్డు సంచిలో వేసుకుని జనరల్ బజార్ నుంచి బేగంబజార్ దాకా కాళ్లరిగేలా తిరిగాను. ఒక అగరుబత్తీల వ్యాపారి 10 సెకన్లు కొన్నారు, ఒక కుక్కర్ల డీలరు 20 సెకన్లు. పొద్దున సెకన్లు అమ్మితే వచ్చిన డబ్బు సాయంత్రం లైట్‌మెన్ రోజువారీ బేటాలకి సరిపోయేది. మూడో ఎపిసోడ్ నుంచి జనరేటర్ వాళ్లు అప్పు ఇచ్చారు కాబట్టి పదమూడూ పూర్తయ్యాయి. ఆ మనుషుల్ని నేను మర్చిపోలేదు.

టేపు మాకు పెద్ద ఖర్చు. అందుకే ఎడిటింగ్ అయిపోగానే రషెస్ (షూటింగులో తీసిన అసలు దృశ్యాలు) ఉన్న టేపుల మీదే మళ్లీ రికార్డ్ చేసేవాళ్లం. చిన్న నిర్మాతలందరూ చేసిన పనే అది. కొత్త టేపు కొంటే ఒక రోజు యూనిట్ భోజనాల డబ్బు పోయినట్టే. అలా చెరిగిపోయిన వాటిలో నేను 1997లో సురభి నాటక సమాజం మీద తీసిన డాక్యుమెంటరీ రషెస్ కూడా ఉన్నాయి. 26 నిమిషాల డాక్యుమెంటరీ మిగిలింది, దానికోసం తీసినదంతా పోయిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఈ షాపుకి రాకముందు ఇంకోచోట 5 టేపులు ఇచ్చాను. పెద్ద ఆఫీసు, అద్దాల తలుపులు. వారం తిరక్కుండా "4కె" అని ఫైళ్లు ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే మనుషుల మొహాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. 4:3లో తీసిన ఫ్రేముని 16:9కి సాగదీసి, పైనా కిందా కోసేశారు. అమ్మవారి వేషంలో ఉన్న నటి కిరీటమే లేదు. అడిగితే "ఇప్పటి టీవీలకి ఇదే పద్ధతి" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈయన పద్ధతి వేరు. పాతికేళ్లకు పైగా వీటీఆర్ (వీడియో టేపు మెషిన్) ఇంజినీరుగా పనిచేసిన మనిషి. టేపు చేతికివ్వగానే మెషిన్‌లో పెట్టలేదు. ముందు వాసన చూశారు. తర్వాత ఫ్లాప్ ఎత్తి టార్చి వేసి రీలు అంచులు చూశారు. తెల్లటి చుక్కలు కనిపిస్తే బూజు. అలాంటివి 11 తేలాయి. వాటిని విడిగా సిలికా జెల్ పొట్లాలతో డబ్బాల్లో పెట్టి 10 రోజులు ఆరనిచ్చి, ఒక్కో టేపూ విప్పి చేత్తో తుడిచారు. మంచిగా ఉన్న టేపుని కూడా ముందు ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా చుట్టారు. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయట, నేరుగా ప్లే చేస్తే లాగుడుకి దెబ్బతింటుందట. ప్రతి టేపుకీ ముందు స్పిరిట్‌తో హెడ్స్ తుడవడం ఆయనకి పూజకి ముందు కాళ్లు కడుక్కోవడం లాంటిది.

టేపు మొదట్లో మేము కొట్టించుకున్న కలర్ బార్స్ (రంగుల పట్టీలు) ఉంటాయి కదా, వాటిని సిగ్నల్ కొలిచే వేవ్‌ఫామ్ మానిటర్‌లో చూసి లెవెల్స్ సరిచేశాకే రికార్డింగ్ మొదలుపెడతారు. గంట టేపుకి గంట పడుతుంది, దగ్గరి దారి లేదు. ఆ గంటా ఆయన కుర్చీలోంచి లేవరు. ఎక్కడ డ్రాపౌట్ (బొమ్మ చెదరడం) వచ్చిందో టైమ్‌కోడ్‌తో సహా కాగితం మీద రాస్తారు. కంప్రెస్ చేయని ఫైలు, గంటకి దాదాపు 100 జీబీ, 4:3 ఫ్రేము 4:3గానే. ఒక కాపీ కాదు, రెండు హార్డ్ డిస్కుల్లో రెండు కాపీలు. డిస్కులు మనమే కొనివ్వాలి. బీటా టేపుకి 1,200 రూపాయలు తీసుకున్నారు. బూజు టేపులకి అదనంగా 300. ఆ చాకిరీకి ఇది చాలా తక్కువ.

1999లో చేసిన డైలీ సీరియల్ ఎపిసోడ్ 22 నిమిషాలు. మాస్టర్ (ఎడిట్ అయిన చివరి కాపీ) కోసం 30 నిమిషాల పాత టేపు మీద 25 నిమిషాల దాకా బ్లాక్ (ఖాళీ నలుపు) కొట్టించేవాళ్లం, మిగతాది అలాగే వదిలేసేవాళ్లం. ఎవరైనా ఎండ్ టైటిల్స్ రాగానే మెషిన్ ఆపేస్తారు. అద్దాల ఆఫీసు వాళ్లు అలాగే ఆపారు. ఈయన ఆపరు. టేపు దానంతట అది ఆగిపోయేదాకా తిప్పుతారు. ఏడో ఎపిసోడ్ మాస్టర్‌లో టైటిల్స్ అయిపోయాయి, నలుపు వచ్చింది, ఒక్క క్షణం చుక్కలు చుక్కలుగా గీతలు పడ్డాయి, తర్వాత బొమ్మ నిలబడింది.

సురభి రషెస్. పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో మాయాబజార్ ఆడిన రాత్రి, తెర వెనక మేము తీసినవి. ఐదు నిమిషాల చిల్లర. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సమాజం అది, కుటుంబాలకు కుటుంబాలే నాటకంలో పుట్టి పెరుగుతాయి. అవతల ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరెళ్తుంటే జనం చప్పట్లు. ఇవతల ఒక ఆవిడ శశిరేఖ వేషంలో, నుదుటి మీద పాపిడి బిళ్లతో, పాత తెర గుడ్డతో కట్టిన ఉయ్యాల్లో పసిపిల్లని కాలి బొటనవేలితో ఊపుతోంది. చేతులు రెండూ జడకి పూలు చుట్టుకుంటున్నాయి. వేదిక మీద తన మాట అందగానే ఉయ్యాల తాడు పక్కనున్న ముసలాయన చేతికిచ్చి వెలుగులోకి నడిచి వెళ్లిపోయింది. ముసలాయన ఊపుతూనే లడ్డూల తీగ రెండో చేత్తో లాగుతున్నాడు.

డాక్యుమెంటరీలో ఈ షాట్ లేదు. ఎందుకు వాడలేదో గుర్తులేదు. ఆ గదిలో కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆయన ఏమీ అనకుండా కుర్రాణ్ణి పంపి టీ తెప్పించారు. తర్వాత లాగ్ షీటులో "25:14 నుంచి 30:40, వేరే మెటీరియల్, అమ్మగారిది" అని రాసుకున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. టేపు మనదేనని చూపించే కాగితం లేనిదే ఈయన పని మొదలుపెట్టరు. నాకు మొదట కష్టంగా అనిపించింది. 1999లో ఒక శాటిలైట్ ఛానల్‌కి చేసిన డైలీ సీరియల్ అగ్రిమెంటు కోసం ఇల్లంతా వెతికాను. ఆ సీరియల్‌కి 130 ఎపిసోడ్ల మాస్టర్లు ఇచ్చాం, తిరిగి అడిగితే చెరిపి వాడేసుకున్నామన్నారు. నా దగ్గర మిగిలినవి 14. దొరికిన అగ్రిమెంటు రెండు పేజీలు. హక్కులు ఎన్నేళ్లకి ఇస్తున్నామో అందులో రాయలేదు. వకీలుకి చూపిస్తే చెప్పారు: కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం వ్యవధి రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. చట్టం లెక్కలో సినిమాకైనా సీరియల్‌కైనా కర్త నిర్మాతే, హక్కు 60 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా పరాయిదనుకున్నది నాదే. ఈ షాపాయన పట్టుబట్టకపోతే ఆ కాగితం ఇప్పటికీ బీరువా అడుగునే ఉండేది. తోటి నిర్మాతలారా, మీ అగ్రిమెంట్లు ఒకసారి బయటికి తీసి చదవండి.

ఇబ్బందులూ ఉన్నాయి. మూడు వారాలన్నది ఏడు వారాలు పట్టింది. లిఫ్ట్ లేదు, నా మోకాళ్లతో రెండంతస్తులు ఎక్కడం కష్టమైంది. బిల్లు అడిగి అడిగి తీసుకోవాలి. మామూలుగా చూసుకోవడానికి ఇచ్చిన చిన్న ఫైళ్లలో చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు వచ్చాయి. చెప్పగానే డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చారు. 3 బీటా టేపులు ఎంత చేసినా రాలేదు. వాటికి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

వెళ్లేవాళ్లు టేపులతో పాటు వాటి పాత డబ్బాలు కూడా తీసుకెళ్లండి, లోపలి క్యూ షీటు (టేపులో ఎక్కడ ఏముందో రాసిన కాగితం) ఆయనకి చాలా పనికొస్తుంది. ఎండలో కారు డిక్కీలో ఉంచకండి. ఆలస్యం మాత్రం చేయకండి. సోనీ బీటా టేపుల తయారీ ఆపేసింది 2016లో, మెషిన్లకి పార్టులు దొరకడం ఏటేటా కష్టమవుతోంది.

నా 9 యూమాటిక్ టేపులు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయన యూమాటిక్ మెషిన్‌లో టేపుని చదివే హెడ్ డ్రమ్ము అరిగిపోయింది. మీ గోడౌన్‌లోనో, మూతపడ్డ స్టూడియోలోనో పనిచేయని యూమాటిక్ మెషిన్ ఏదైనా ఉంటే పాత సామానుల వాళ్లకి వేయకండి, ఆయనకి చెప్పండి. పార్టుల కోసమే కొంటారు.