విద్యానగర్‌లో థీసిస్ బైండింగ్: నా అనుభవం

హైదరాబాద్‌లో విద్యానగర్ నుంచి అడిక్‌మెట్ వెళ్లే దారిలో ఒక్క షట్టర్ ఉన్న చిన్న జిరాక్స్ షాపు. పోయిన నెల నా పీహెచ్‌డీ థీసిస్ అక్కడే బైండింగ్ చేయించాను. అయిదు కాపీలు, నల్ల రెక్సిన్ అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు. బైండింగ్‌కు కాపీకి 300 రూపాయలు, ప్రింటింగ్ వేరే. ఇంతకంటే తక్కువకు చేసేవాళ్లు చుట్టుపక్కల ఉన్నారు. అయినా ఇక్కడికే వెళ్లమంటాను.

కారణం ఓనర్ అన్న. లోపల గోడ మీద చేత్తో రాసిన బోర్డు ఉంటుంది: ‘ప్రాజెక్టులు రాసి ఇవ్వబడవు.’ నేను కూర్చున్న రెండు గంటల్లోనే ఇద్దరు పిల్లలు వచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు ఉందా అని అడిగారు. మీ సార్ ఊరుకుంటారా అని అన్న అడిగితే, ‘సారే ఎక్కడినుంచైనా తెమ్మన్నారన్నా, చదవరు’ అన్నారు. నాకు చాలా బాధేసింది. ఆ పిల్లలను ఏమని తప్పుపడతాం?

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకు ఈ షాపుతో ఇంకో లాభం. నా మొదటి మూడు అధ్యాయాలు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చేసరికి చాలాచోట్ల వత్తులు ఎగిరిపోయాయి. అన్న నాతోపాటు కూర్చుని పేజీ పేజీ చూశారు. రెండు కాపీలు బైండింగ్ అయ్యాక, మూడోదాని పేజీలు సర్దుతూ ఆగి అడిగారు: ‘అమ్మా, గోలకొండ పత్రిక మొదలైంది పన్నెండో పేజీలో 1926 అని ఉంది, ఎనభై ఏడో పేజీలో 1925 అని ఉంది. ఏది ఖాయం?’

నాకు కాళ్లు చల్లబడ్డాయి. 1926 సరైనది. 1925 అని రాసింది మా గైడ్ మేడమ్ ఫోన్‌లో చెప్పిన మాటను బట్టి. టెన్షన్‌తోనే ఫోన్ చేశాను. ముప్పావు గంటలో తార్నాక నుంచి ఆటోలో వచ్చారు. పేజీ చూసి, అందరి ముందే, ‘తప్పు నాది. నోట్సు చూడకుండా చెప్పాను, నువ్వు నన్ను నమ్మావు’ అన్నారు. ఆ రెండు కాపీలు విప్పి మళ్లీ కట్టడానికి అయిన డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.

నేను ఎమ్మే చదివిన కాలేజీలో ఒక సార్ ఉండేవారు. పాఠం అద్భుతంగా చెప్పేవారు, అది కాదనను. కానీ నా క్లాస్‌మేట్ రాసిన పేపర్‌ను సెమినార్‌లో తన పేరుతో చదివారు. ఆమె ఏడ్చింది, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమే లెక్చరర్. మొన్న ఫోన్‌లో తన స్టూడెంట్ వ్యాసానికి తన పేరు ముందు పెట్టుకున్నానని మామూలుగా చెప్పింది. ‘మనకూ ఇలాగే జరిగింది కదా’ అంది. సార్ చెప్పిన పాఠాల్లో ఆమెకు బాగా వచ్చింది ఇదే అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2018 నాటి యూజీసీ నిబంధనల్లో కాపీ కొట్టిన అధ్యాపకులకూ శిక్ష ఉంది. కాపీ 40 శాతం దాటి 60 లోపు ఉంటే ఒక ఇంక్రిమెంట్ ఆపుతారు, రెండేళ్లు కొత్త స్కాలర్లను ఇవ్వరు. మా మేడమ్ మొదటి రోజే ఆ కాగితం చూపించి, ‘ఇది నీకే కాదు, నాకూ’ అన్నారు. స్కాలర్లతో తన ఇంటి పనులు చేయించుకోలేదు. తన జిరాక్స్ తనే తీయించుకుంటారు. ఈ షాపు నాకు చెప్పింది కూడా ఆవిడే.

ఇక షాపు లోపాలు. కూర్చోవడానికి రెండే స్టూళ్లు. బండి పెట్టడానికి చోటు లేదు. సబ్మిషన్ల సీజన్‌లో సాయంత్రం వెళితే నిలబడాల్సిందే, చెప్పిన టైముకు ఇవ్వరు. నాకు ఒక రోజు ఆలస్యమైంది. ఉదయం పదకొండు లోపు వెళ్లండి. అట్ట మీద అక్షరాలు అచ్చు వేసేముందు ప్రూఫ్ అడిగి తీసుకోండి, నా పేరులో దీర్ఘం పోయింది, చూసుకున్నాను కాబట్టి సరిపోయింది.

కృతజ్ఞతల పేజీ మాత్రం అన్నిటికంటే చివర్లో ప్రింట్ తీయించుకోండి. నాది మేడమ్ అక్కడే నిలబడి చదివారు. తన గురించి రాసిన పదకొండు లైన్లలో తొమ్మిది కొట్టేసి, 1926 సంగతి పట్టుకున్న అన్న పేరు చేర్చమన్నారు.