డూప్లికేట్ కేస్ షీటు పుస్తకం: కోనసీమ పాకల్లో ఏళ్ల తరబడి వాడాక

కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన పశువైద్యులు నన్ను ఎక్కువగా అడిగేది ఏ స్టెతస్కోపు కొనాలని. మంచిదే కొనుక్కోండి అంటాను. దానికంటే ముందు మాత్రం ప్రెస్సుకి వెళ్లి ఒక కేస్ షీటు పుస్తకం అచ్చు వేయించుకోమంటాను. కొబ్బరి తోటల్లో, కాలవ గట్ల మీద, గోదావరి మధ్య లంకల్లో గేదెల్ని చూస్తూ నేను ఏళ్ల తరబడి వాడుతున్న వస్తువుల్లో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

చూడ్డానికి చాలా మామూలు వస్తువు. బిల్లు పుస్తకం సైజు, మధ్యలో కార్బన్ పెట్టి రాసేది. తెల్ల కాగితం చింపి రైతుకి ఇస్తాను, గులాబీ కాగితం పుస్తకంలోనే ఉంటుంది. పైన రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, చెవి ట్యాగ్ మీది 12 అంకెల నంబరు, పశువు వయసు, ఎన్నో ఈత, ఈని ఎన్నాళ్లయింది, చూడా కాదా. కింద నాలుగు భాగాలు: రైతు చెప్పింది, నేను చూసింది, నా అంచనా, చేసింది. ఈ విభజన నేను కనిపెట్టింది కాదు. లారెన్స్ వీడ్ అనే అమెరికా డాక్టరు 1968లో రాసిన వ్యాసాలతో మనుషుల వైద్యంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. తర్వాత పశువైద్యంలోకీ వచ్చింది. దాన్ని మా పాకలకి సరిపోయేలా తెలుగులో సర్దుకున్నాను.

రైతు చెప్పింది రైతు మాటల్లోనే రాస్తాను. "రాత్రి నుంచీ మేత ముట్టట్లేదండి, నెమరూ లేదండి, చెవులు చల్లగా ఉన్నాయండి, జ్వరమేమోనండి" అంటే అంతా అలాగే. జ్వరం అన్నారు కదా అని నా భాగంలోకి ఆ మాటని తీసుకెళ్లను. అక్కడ థర్మామీటరు అంకె కోసం గడి ఉంది. ఈనిన మూడు రోజుల్లో పడిపోయిన గేదెకి 'పాల జ్వరం' అని అందరూ అంటారు, కానీ అప్పుడు ఒంటి వేడి మామూలు కంటే తక్కువే ఉంటుంది. చెవులు చల్లబడతాయి, ముట్టె ఆరిపోతుంది, తల డొక్క వైపు తిప్పుకుని పడుకుంటుంది. రైతు మాట ఒకచోట, అంకె ఇంకోచోట ఉండబట్టి ఆ తేడా కాగితం మీద కనిపిస్తుంది.

ఈ పుస్తకం విలువంతా రెండో భాగంలో ఉంది. అందులో మొదటి గడి పేరు 'దూరం నుంచి'. పశువుని ముట్టుకోకముందే అది నింపాలి. నిలబడిందా పడుకుందా, వీపు విల్లులా వంచిందా, ముట్టె మీద చెమట ఉందా, పేడ ఎలా ఉంది, డొక్కలు నిమిషానికి ఎన్నిసార్లు లేస్తున్నాయి. కొత్త మనిషి దగ్గరకెళ్లి తాడు పట్టుకోగానే గేదె బెదిరి శ్వాస, నాడి రెండూ పెరుగుతాయి. అందుకే శ్వాస లెక్క పాక బయట నిలబడే తీసుకోవాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, ఎందుకంటే వెళ్లగానే రైతు "రండి డాక్టరు గారూ" అంటూ నేరుగా పశువు దగ్గరకే తీసుకెళ్తాడు. షీటులో మొదటి గడి ఖాళీగా కనిపిస్తుంటే మాత్రం నాలుగడుగులు వెనకే ఆగుతాం.

తర్వాత వేడి, నాడి, శ్వాస. ఆవుకి 100.4 నుంచి 102.8 ఫారెన్‌హీట్ వరకు మామూలు, గేదెకీ దాదాపు అంతే. అయితే గేదెకి నల్ల చర్మం, చెమట గ్రంథులు ఆవు కంటే చాలా తక్కువ. మే నెలలో ఎండలో కట్టేసి ఉన్న గేదెకి 103 వచ్చిందంటే అది రోగం కానక్కర్లేదు. కాలవలో పడుకుని అప్పుడే లేచొచ్చిన దానికి అంకె తగ్గవచ్చు. అందుకని వేడి గడి పక్కనే 'ఎండ / నీడ / నీళ్లు' అని మూడు మాటలు, టైం రాసే చోటు పెట్టించాను. చిన్న మార్పే గానీ, పాత షీట్లు తిరగేసినప్పుడు ఆ అంకెల్ని నమ్మగలుగుతున్నానంటే దానివల్లే. నాడి తోక కింద భాగంలో వేలితో దొరుకుతుంది, ఆవుకి నిమిషానికి 60 నుంచి 80.

ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి, తర్వాత స్టెతస్కోపు పెట్టి, రెండు నిమిషాలు ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న పశువుకి పెద్దపొట్ట (మేత ముందుగా చేరే భాగం) నిమిషానికి ఒకటి రెండుసార్లు గట్టిగా కదులుతుంది. అర నిమిషం విని 'బాగానే ఉంది' అనేస్తే కుదరదు, ఆ అర నిమిషంలో ఒక కదలికా రాకపోవచ్చు. ఎడమ మోచేతి వెనక గుండె. ఇనప తీగముక్కో మేకో మింగిన పశువుకి అది రెండో పొట్టని పొడుచుకుని గుండె పొర దాకా వెళ్తే గుండె చప్పుడు మసకబడుతుంది, ఒక్కోసారి లోపల నీళ్లు తొణికినట్టు వినిపిస్తుంది. మెడ నరం ఉబ్బుతుంది, ముందుకాళ్ల మధ్య రొమ్ము దగ్గర నీరు దిగుతుంది. దీనికి మెడ నరం, రొమ్ము వాపు అని వేరే గడులున్నాయి. కంటి పొర రంగుకీ గడి ఉంది. గేదె చిగుళ్లు నల్లగా ఉంటాయి కాబట్టి వాటిని చూసి రక్తం ఉందా లేదా చెప్పడం కష్టం, కింది రెప్ప తిప్పి చూడాల్సిందే. పాలిచ్చేదైతే నాలుగు చన్నులకీ నాలుగు గడులు. ఒక్కో చన్ను నుంచి నాలుగు ధారలు నల్ల గిన్నెలోకి పిండి, పెరుగు ముక్కల్లాంటివి ఉన్నాయా చూడాలి.

గడుల్లో వాడే గుర్తులు మూడే. చూశాను, మామూలుగా ఉంది అంటే టిక్కు. చూడలేదు అంటే అడ్డగీత. తేడా ఉంటే మాటల్లో రాయాలి. మొదటి రెండింటినీ కలిపేసి రాసే అలవాటు మన వృత్తిలో బాగా ఉంది. ఖాళీ వదిలేస్తారు, తర్వాత అది 'అంతా మామూలే' అని చదువుకుంటారు. అడ్డగీత ఉంటే రేపు ఇంకో డాక్టరు వచ్చినా అక్కడి నుంచి మొదలుపెట్టగలుగుతాడు. నన్నడిగితే ఈ పుస్తకంలో ఇంకేమీ నచ్చకపోయినా ఈ మూడు గుర్తుల్ని మాత్రం తీసుకోండి.

ఇది ఎంత పనికొచ్చిందో ఒక పాక సంగతి చెబితే తెలుస్తుంది. ఒకే రైతు గేదెలు, వేర్వేరు నెలల్లో, 'మేత తగ్గింది, పాలు తగ్గాయి' అని పిలుపు. విడివిడిగా చూస్తే ప్రతిదీ మామూలు అజీర్తి కేసులాగే ఉంది. ఒక సాయంత్రం గులాబీ కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. అన్నిట్లో వేడి మామూలే, అన్నిట్లో కంటి పొర పాలిపోయింది, రెండింట్లో దవడ కింద మెత్తటి వాపు అని నా చేతిరాతే ఉంది. పేడని నీళ్లలో కలిపి, వడగట్టి, అడుగున తేరుకున్న మడ్డిని మైక్రోస్కోపు కింద చూస్తే కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి) గుడ్లు. ఇవి బరువైన గుడ్లు, పైకి తేలవు, అడుగునే వెతకాలి. సార్వా కోత అయ్యాక ఆ గేదెల్ని కాలవ పక్క పల్లపు చేలలో మేపుతారు. ఆ నీళ్లలో నత్తలు, నత్తల్లో జలగ పిల్లలు, అవి బయటికొచ్చి గడ్డికి పట్టుకుంటాయి. పాక మొత్తానికి మందు పట్టించాం, ఆ పల్లంలో మేపడం మానిపించాం. ఏ ఒక్క షీటూ విడిగా ఈ మాట చెప్పలేదు. అన్నిట్లో ఒకే గడులు ఉండబట్టే పోల్చడం కుదిరింది.

మూడో భాగం, నా అంచనా, గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకే రోగం పేరు రాయకుండా, రెండు మూడు అనుమానాలు వరసలో రాస్తాను.

'చేసింది' భాగంలో మందు మోతాదు పక్కనే బరువు గడి ఉంది. కంటితో బరువు అంచనా వేస్తే మనిషికో లెక్క. టేపుతో ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీసుకుని, చుట్టుకొలతని చుట్టుకొలతతోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 76, పొడవు 58 అయితే దాదాపు 508 కిలోలు. సుమారు లెక్కే గానీ, గాలిలో వేసే అంచనా కంటే ఎంతో మేలు. జలగ మందు మోతాదు తగ్గితే పనిచేయదు, కొన్ని మందులు మోతాదు పెరిగితే ప్రమాదం. పాల జ్వరానికి కాల్షియం నరానికి ఎక్కించేటప్పుడు గుండె మీద స్టెతస్కోపు పెట్టే ఉంచాలి, లయ తప్పితే ఆపాలి. అందుకని 'ఎక్కించే ముందు గుండె, ఎక్కిస్తుండగా గుండె' అని రెండు గడులు పెట్టించాను.

ఇక లోపాలు. అచ్చు మొదటి విడతలో 'పాలు ఎప్పటిదాకా అమ్మకూడదు' అనే గడి లేదు. యాంటీబయాటిక్ వేశాక పాలు కేంద్రానికి పోయకుండా ఆపాల్సిన తేదీ రైతుకిచ్చే కాగితం మీద లేకపోవడం పెద్ద లోటు. రెండో విడతలో పెద్ద అక్షరాల్లో పెట్టించాను. కాగితం పల్చన, మన తేమకి మెత్తబడిపోతుంది. జెల్ పెన్నుతో రాస్తే ఒక్క చినుక్కే చెరిగిపోతుంది, బాల్ పెన్నే వాడాలి, కార్బన్‌కీ అదే నొక్కు కావాలి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది వెతకడం. ఫలానా గేదె పోయిన ఏడాది షీటు కావాలంటే పుస్తకాలన్నీ తిరగేయాలి. అందుకని రోజూ సాయంత్రం గులాబీ కాగితాలు ఫోన్లో ఫోటో తీసి ఊరి పేరుతో ఫోల్డర్లలో వేస్తున్నాను. శ్రమే, కానీ తప్పదు.

ఫోన్ ఉండగా పుస్తకం ఎందుకని అడుగుతారు. చెవి ట్యాగ్ నంబరుతో భారత్ పశుధన్ యాప్‌లో టీకాలు, కృత్రిమ గర్భధారణ వివరాలు చూసుకుంటాను, అది చాలా అవసరం. కానీ పేడ చేతులతో, ఒక చేత్తో తోక పట్టుకుని, ఇంకో చేత్తో గాజు తెర మీద రాయడం కుదిరే పని కాదు. రైతు చేతిలో మిగిలేది కూడా కాగితమే. మా రైతులు దాన్ని మడిచి పాక చూరులో దోపుతారు, కొందరు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేకుకి తగిలిస్తారు. తర్వాత ఎప్పుడైనా పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి సంచార వాహనం వస్తే, ఆ డాక్టరు ఆ కాగితం చూసి పొద్దున ఏ యాంటీబయాటిక్ వేశానో తెలుసుకుంటారు. 2022 జూలై వరదలో లంకల నుంచి పశువుల్ని గట్ల మీదికి తోలినప్పుడు కవర్లో కాగితం ఉన్నవాళ్ల దగ్గర గొంతువాపు టీకా ఎప్పుడు వేశారో అడగాల్సిన పని పడలేదు. వానాకాలంలో గేదెల్ని గంటల్లో తీసుకుపోయే రోగం అది. రకరకాల ఊళ్ల పశువులు ఒకేచోట చేరినప్పుడు ఆ తేదీ ఎంత ముఖ్యమో అక్కడున్నవాళ్లకి తెలుసు.

చెవి ట్యాగ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. కొబ్బరి మానుకి తల రుద్దుకుని ట్యాగ్ పోగొట్టుకునే గేదెలు చాలా ఉన్నాయి. కొమ్ముల వంపు, నుదుటి మీద తెల్ల చుక్క, తోక కుచ్చు రంగు, రైతు పిలుచుకునే పేరు, ఇవీ రాయాలి. పేరుకి ప్రత్యేకంగా గడి ఉంది. పేరు అడిగితే రైతు ముఖం విప్పారుతుంది, మనకి చెప్పే సంగతులూ పెరుగుతాయి.

రోజుకి నాలుగైదు కేసులు చూసే ప్రైవేటు డాక్టరుకి, చిన్న డెయిరీ నడిపేవాళ్లకి ఇది బాగా సరిపోతుంది. ఆసుపత్రిలో పొద్దున్నే ట్రెవిస్ (పశువుని నిలబెట్టి కట్టే చట్రం) ముందు బారులు తీరే చోట ప్రతి పశువుకీ పూర్తి షీటు నింపడం జరగదు. అక్కడ పై వరస, వేడి, డొక్క, మందు, పాలు ఆపే తేదీ, ఇవున్న సగం షీటు వేయించుకోవడం నయం. మేకలకి ఈ షీటు అంతగా పనికిరాదు. వాటికి కంటి పొర రంగుని ఒకటి నుంచి అయిదు దాకా లెక్కగట్టే ఫమాచా కార్డు పద్ధతికి తగ్గట్టు వేరేగా వేయించాలి.

నా పుస్తకాలు అయిపోవస్తున్నాయి. ఈసారి మందపాటి కాగితం అడిగాను, చన్నుల గడుల్ని పొదుగు బొమ్మగా మార్చమన్నాను, తెల్ల కాగితం వెనక ఆ ఏడాది టీకాల తేదీలు రాసుకోవడానికి గీతలు వేయమన్నాను. ప్రూఫు వచ్చింది. అందులో 'దూరం నుంచి' గడి అడుగుకి జరిగిపోయింది, దాన్ని మళ్లీ పైకి తెమ్మని తిప్పి పంపాను.