మిట్ట మధ్యాహ్నం స్టార్ట్ చేసి చూపించిన డీజిల్ వ్యాన్‌ని నమ్మకండి (హీటర్ ప్లగ్గులతో నాకు తగిలిన దెబ్బ)

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు మధ్యవర్తుల దగ్గర పాత డీజిల్ వ్యాన్ చూస్తున్నవాళ్ళు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. నేను మోసపోయింది ఒకసారి కాదు, రెండుసార్లు. కొనేటప్పుడు ఒకసారి, రిపేరు షెడ్డులో ఇంకోసారి. రెండో దెబ్బకే డబ్బు ఎక్కువ పోయింది.

బండి చూసింది ఒంగోలులో, మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకి. ఆ ఎండలో రోడ్డు మీద నిలబడటమే కష్టం. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. "చూశారా అన్నా, సగం సెల్ఫుకే లేచింది" అన్నాడు మధ్యవర్తి. డాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టలాంటి గుర్తు వెలిగి, నాలుగైదు సెకన్లకు ఆరింది. అది హీటర్ ప్లగ్గుల గుర్తు, చల్లటి డీజిల్ ఇంజన్‌ని స్టార్ట్ చేసే ముందు వేడెక్కించేవి. అవి కూడా పనిచేస్తున్నాయని మురిసిపోయాను. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, టైర్లు, ఏసీ అన్నీ చూశాను. బానెట్ మీద చెయ్యి మాత్రం పెట్టలేదు. పెట్టి ఉంటే, నేను రాకముందే ఇంజన్‌ని వేడి చేసి ఉంచారని అక్కడే తెలిసేది. ఆ ఎండకి రేకంతా కాలుతుంది కాబట్టి తెలిసేది కాదేమో కూడా!

మన ఊళ్ళ వాతావరణమే ఈ లోపాన్ని దాచిపెడుతుంది. ఈ పాత ఇంజన్లలో డీజిల్ ముందు ఒక చిన్న గదిలో పడి, అక్కడ అంటుకుని, ఆ తర్వాత సిలిండర్లోకి వస్తుంది. చల్లటి ఇంజన్లో ఆ గది గోడలే వేడిని పీల్చేసుకుంటాయి, అందుకే సెల్ఫు కొట్టే ముందు హీటర్ ప్లగ్గు దాన్ని వేడెక్కించాలి. మే నెల నెల్లూరు ఎండలో నాలుగింట్లో రెండు ప్లగ్గులు చచ్చిపోయినా బండి ఏమీ ఎరగనట్టు లేస్తుంది. అసలు సంగతి బయటపడేది తుఫాను వానల తర్వాత, మార్గశిరంలో, తెల్లవారుజామున.

నాకు బయటపడింది మాలకొండకి వెళ్ళాల్సిన రోజు. అక్కడ దర్శనం శనివారం ఒక్కరోజే కాబట్టి రేపు పోదాంలే అనడానికి లేదు. నాలుగు గంటలకి మా పెద్దత్తతో సహా పదకొండు మంది ఎక్కి కూర్చున్నారు. స్ప్రింగు లైటు వెలిగింది, ఆరింది. సెల్ఫు కొట్టాను. పొగగొట్టంలోంచి తెల్లగా పొగ తప్ప ఇంజన్ లేవలేదు. ఎనిమిదో సారికో తొమ్మిదో సారికో మూడు కాళ్ళ మంచంలా ఊగుతూ లేచింది. రెండు నిమిషాలు కొట్టుకుని, ఆ తర్వాత ఏమీ జరగనట్టు మామూలైంది. ఆ తెల్ల పొగ కాలని డీజిల్. నీలం పొగ అయితే ఇంజనాయిల్ కాలుతున్నట్టు. ఈ తేడా నాకు అప్పుడు తెలిసి ఉంటే షెడ్డులో నోరు మూసుకుని నిలబడేవాణ్ణి కాదు.

షెడ్డాయన ఒక చిన్న బల్బు టెస్ట్ లాంపు తెచ్చి హీటర్ వైరుకి పెట్టాడు. వెలిగింది. "కరెంటు బ్రహ్మాండంగా వస్తోంది. పంపు, నాజిల్స్ దించాల్సిందే" అన్నాడు. అంటే ఇంజన్లోకి డీజిల్ చిమ్మే భాగాలు. ఒక్క ప్లగ్గు కూడా విప్పి చూడలేదు. పంపు, నాజిల్స్ సర్వీసుకి 18,500 రూపాయలు కట్టాను. నాలుగో రోజు తెల్లారేసరికి మళ్ళీ అదే తెల్ల పొగ. "అయితే కంప్రెషన్ పోయింది, ఇంజన్ పని పడుతుంది, డెబ్బై వేలు" అన్నాడు.

ఆ డెబ్బై వేలు మిగిలింది మా పిన్ని కొడుకు వల్ల. వాడు బోరు మోటార్లకి రివైండింగ్ చేస్తాడు, డీజిల్ ఇంజన్ గురించి పెద్దగా తెలియదు. టెస్ట్ లాంపు కథ చెప్పగానే నవ్వాడు. "అన్నా, రాత్రి పూట లో-వోల్టేజీలో పొలం దగ్గర బల్బు వెలుగుతుంది. మోటారు లేస్తుందా?" అన్నాడు. నాకు విషయం బోధపడింది అక్కడే. ఒక్కో హీటర్ ప్లగ్గు దాదాపు 10 నుంచి 12 ఆంపియర్లు లాగుతుంది, మొదటి క్షణంలో ఇంకా ఎక్కువ. నాలుగూ కలిస్తే 40 దాటుతుంది. టెస్ట్ లాంపు లాగేది రెండు ఆంపియర్లు కూడా ఉండదు. తుప్పు పట్టిన జాయింటు లోంచి రెండు ఆంపియర్లు హాయిగా పోతాయి, నలభై పోవు.

వాడు డీసీ కొలిచే క్లాంపు మీటరు తెచ్చి హీటర్ మెయిన్ వైరు చుట్టూ వేశాడు. తాళం తిప్పితే 20 చిల్లర చూపించింది. అంటే పనిచేస్తున్నవి రెండే. తర్వాత ప్లగ్గుల నెత్తిన ఉండే ఇత్తడి పట్టీ తీసేసి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్ట్ లాంపు ద్వారా ఒక్కొక్క ప్లగ్గుకి తాకించాడు. రెండింటికి బల్బు వెలిగింది, రెండింటికి వెలగలేదు. టెస్ట్ లాంపుకి పని ఇక్కడ ఉంది, షెడ్డాయన వాడిన చోట కాదు. పట్టీ తియ్యకుండా ఈ పరీక్ష చేస్తే అర్థం లేదు, నాలుగూ కలిసే ఉంటాయి కాబట్టి ఒక్క మంచి ప్లగ్గు చాలు బల్బు వెలగడానికి. మల్టీమీటరుతో చూస్తే మంచి ప్లగ్గు ఒక ఓం అటూ ఇటూ చూపిస్తుంది, తెగిపోయినది అసలేమీ చూపించదు. మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి ఆనించి, వాటి సొంత ఓములు ముందే తీసివేసుకోవాలి.

కొత్తవి తెచ్చాక కథ అయిపోయిందనుకున్నాను. స్పేర్ పార్టుల కొట్టులో మొదట వేరే వోల్టేజీవి ఇచ్చారు. ప్లగ్గు మీదే వోల్టేజీ అచ్చు వేసి ఉంటుంది, పాతదాంతో పోల్చకుండా డబ్బులు ఇవ్వకండి. తక్కువ వోల్టేజీది 12 వోల్టుల వైరింగుకి తగిలిస్తే ఎక్కువ రోజులు బతకదు. సరైనవి మార్చి తెచ్చి బిగించినా పొద్దున్నే స్టార్టింగ్ బద్ధకంగానే ఉంది. ఈసారి హీటర్లు ఆన్‌లో ఉండగానే వోల్టేజీ చూశాడు మా వాడు. బ్యాటరీ దగ్గర 12, పట్టీ దగ్గర 9. మధ్యలో మూడు వోల్టులు ఎక్కడో పోతున్నాయి. హీటర్ రిలే (ప్లగ్గులకి కరెంటు వదిలే స్విచ్చు) కాలు ముట్టుకుంటే చురుక్కుమంది! పోయిన వోల్టులన్నీ అక్కడ వేడిగా మారుతున్నాయన్నమాట. విప్పితే లోపలంతా ఆకుపచ్చ తుప్పు. ఈ వ్యాన్‌లో మొదట్లో రొయ్యల ట్రేలు తోలేవారని తర్వాత తెలిసింది. సముద్రపు ఒడ్డున చెరువుల దగ్గర తిరిగిన బండికి ఉప్పునీళ్ళు ఎక్కడెక్కడికి కారతాయో చెప్పలేం. కొనేటప్పుడు మ్యాటు ఎత్తి చూడండి, రిలే దగ్గర వైర్ల కొసలు చూడండి. రిలే, కొత్త వైరు ముక్క, వైరు కొసలకి బిగించే లగ్గులు, అన్నీ కలిపి 900 రూపాయల్లోపే అయింది.

ఇక ఆ స్ప్రింగు లైటు. నా బండిలో అది టైమరు లెక్క ప్రకారం వెలిగి ఆరుతుంది, అంతే. ప్లగ్గులు నాలుగూ చచ్చినా అది అలాగే వెలుగుతుంది. దాన్ని చూసి బండి కొనకండి.

కాబట్టి పాత డీజిల్ వ్యాన్ చూడాలంటే తెల్లారకముందే, చెప్పకుండా వెళ్ళండి. బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి వెయ్యండి. గోరువెచ్చగా ఉన్నా ఆ రోజుకి తిరిగి వచ్చేయండి. "పొద్దున పాలకి వెళ్ళొచ్చాం" అంటారు, అననివ్వండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టి లేపే బండి అయితే దగ్గరికే పోకండి. హీటర్ ప్లగ్గు ఎర్రగా ఉన్నప్పుడు ఆ ఆవిరి లోపలికి పోతే టైమింగు లేకుండా పేలి పిస్టన్లు, రింగులు దెబ్బతింటాయి. డాష్‌బోర్డు కింద విడిగా ఒక నొక్కుడు బటన్ కనిపిస్తే, అది హీటర్లకేనా అని అడగండి. ఎంతసేపు నొక్కాలో డ్రైవరు ఇష్టం కాబట్టి ప్లగ్గులు తొందరగా మాడిపోతాయి, కొస ఉబ్బి హెడ్‌లో ఇరుక్కుంటాయి.

నా బండిలో ఒకటి అలాగే ఇరుక్కుంది. మూడు కొత్తవే, నాలుగోది మాత్రం పాతదే. అదృష్టం కొద్దీ అది పనిచేస్తున్న రెండింట్లో ఒకటి. ఇంజన్ వేడి మీద తుప్పు వదిలే నూనె వేసి, స్పానరుతో కొంచెం కదిలించి చూశాం, రాలేదు. బలవంతం చేస్తే విరిగి, హెడ్ దించాల్సి వస్తుందని ఆపేశాం. మధ్యవర్తికి ఫోన్ చేస్తే "వేసవిలో బాగానే లేచింది కదన్నా" అన్నాడు.