కోరోన్‌లో ఇరాకో నౌక: డైవింగ్, బస, భోజనం

ఫిలిప్పీన్స్‌లోని కోరోన్‌కు చాలామంది కయాంగన్ సరస్సు కోసం వెళతారు. నన్ను అక్కడికి రప్పించింది మాత్రం నీటి అడుగున ఉన్న ఇరాకో. 1941 డిసెంబరులో జపాన్ నౌకాదళంలో చేరిన ఈ ఆహార సరఫరా నౌకను దాదాపు 25,000 మందికి రెండు వారాలకు సరిపడే తిండి మోసేలా నిర్మించారు. మిఠాయిలు సైతం ఓడలోనే తయారయ్యేవి. పల్చని కరకర రేకుల మధ్య, మన పూర్ణంలా, ఎర్ర గింజల తీపి ముద్ద పెట్టి చేసే మొనాకాకు ఇరాకో పెట్టింది పేరు. పసిఫిక్‌లోని ట్రక్ దీవుల్లో లంగరేసిన యుద్ధనౌకలకు కూడా సరుకులు చేరవేసిన ఈ ఓడను 1944 సెప్టెంబరు 24న అమెరికా విమానవాహక దళం విమానాలు కోరోన్ అఖాతంలో ముంచేశాయి.

ఓడ దాదాపు నిటారుగానే నిలిచి ఉంది. డెక్ సుమారు 30 మీటర్ల లోతున, అడుగు భాగం 40 మీటర్లకు పైగా లోతున ఉండడం వల్ల డైవింగ్‌లో తొలి మెట్టైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. అర్హత ఉన్నవారికైనా అక్కడ గడిపే వీలు కొద్ది నిమిషాలే. తుప్పు పట్టిన రెయిలింగ్‌ను పట్టుకోబోతే, దానికి ఆనుకుని కదలకుండా ఉన్న విషపు ముళ్ల లయన్‌ఫిష్‌ను గైడు టార్చి వేసి చూపించాడు. లోపలి గదుల్లో మెత్తటి మడ్డి పేరుకుంది. కాలికి తొడిగిన ఫిన్ (ఈత రెక్క) ఒక్కసారి గట్టిగా ఆడిస్తే దారి కనిపించదు. కొత్తవారికి డెక్ ఇంకా పైనే ఉండే ఒకికావా మారు చమురు నౌక మేలు. ఒక్క డైవ్‌కే అవకాశం ఉంటే, నేను మాత్రం ఇరాకోనే ఎంచుకుంటాను.

డైవ్ సంస్థను ధర చూసి ఎంచుకోకండి. నేను మొదట అడిగిన చోట సర్టిఫికెట్ కూడా చూడకుండానే బేరానికి దిగారు. తరువాత కుదిరిన సంస్థ ఎక్కువే తీసుకుంది గానీ, నా పాత డైవ్‌ల వివరాలున్న లాగ్‌బుక్ పరిశీలించి, నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) మిశ్రమాన్ని నా చేతే కొలిపించి, అత్యవసర సిలిండర్‌ను తాడుకు కట్టి నీళ్లలోకి దించింది. పడవలో పెట్టిన అన్నం, కాల్చిన చేప రుచిగానే ఉన్నాయి. శాకాహారులు ముందురోజే చెప్పుకోవాలి, లేదంటే అన్నం, అరటిపండుతో సరిపెట్టుకోవాల్సిందే.

పడవలు ఉదయాన్నే బయలుదేరతాయి కాబట్టి, ట్రైసికిళ్ల రొద, రాత్రి కరావోకే పాటలు భరించగలిగితే ఊళ్లోని లాడ్జీలే అనుకూలం. డైవింగ్ ముగించిన సాయంత్రమే మాకినిట్ వేడినీటి బుగ్గకు గానీ, 700కు పైగా మెట్లున్న తాప్యాస్ కొండకు గానీ వెళ్లకండి. లోతులో పీల్చిన గాలి వల్ల ఒంట్లో కరిగిన నత్రజని ఇంకా మిగిలి ఉండగా వేడీ, శ్రమా మంచివి కావు. విమానం ఎక్కేముందు కూడా ఒక రోజు విరామం ఇవ్వాలి కాబట్టి, కయాంగన్ సరస్సును ఆ రోజుకు పెట్టుకోవచ్చు.