కోఠి రెసిడెన్సీ హెరిటేజ్ వాక్: ప్రేమకథ ఎక్కువ, సున్నం తక్కువ

నేను సైట్ ఇంజనీర్‌ని. కాలేజీ బిల్డింగులే మా పని. ఇప్పుడు కడుతున్న కొత్త బ్లాకు పక్కనే నిజాం కాలం నాటి బంగళా ఒకటి ఉంది. దానికి చిన్న బీట కూడా రాకుండా పునాదులు తవ్వాలి. ఆ టెన్షన్‌లోనే కోఠి బ్రిటిష్ రెసిడెన్సీ వాక్‌కి రెండు టికెట్లు తీసుకున్నాను. రెండోది మా మేస్త్రీకి.

కట్టడం గురించి చెప్పాలంటే, డబ్బులు దానికే ఇచ్చాననుకున్నా బాధ లేదు. 1803లో నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించాడు, నక్షా శామ్యూల్ రస్సెల్‌ది. 1949 నుంచి ఇక్కడ మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. 2002లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకి ఎక్కింది, ఆ తర్వాతే మరమ్మతులు ఊపందుకున్నాయి. దర్బారు హాల్లో తల ఎత్తితే కాగితం గుజ్జుతో చేసిన నగిషీలు. వానాకాలం ఇన్నేళ్లు ఎలా తట్టుకున్నాయో!

ఇక వాక్. నిర్వాహకుల పేరు రాయను కానీ, అంత గుంపుకి ఒక్కడే గైడ్ అంటే అన్యాయం. వెనక నిలబడ్డవాళ్లకి మాట వినపడదు. సగం సేపు కిర్క్‌పాట్రిక్, ఆయన పెళ్లాడిన హైదరాబాదీ ఖైరున్నీసా ప్రేమకథకే పోయింది. ఆమె కోసం కట్టించాడని చెప్పే బుల్లి రెసిడెన్సీ (ఈ భవనానికే చిన్న నమూనా) దగ్గర సెల్ఫీలకి ఇంకొంత. కథ బాగానే చెప్పాడు, కాదనను. 1857లో తుర్రేబాజ్ ఖాన్ ఇదే రెసిడెన్సీ మీదికి దండెత్తిన సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశాడు.

మా మేస్త్రీ ఇదేదీ వినలేదు. ఒక స్తంభానికి ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి, పక్కనుంచి పడే వెలుతుర్లో దాని నునుపు చూస్తున్నాడు. "సార్, గిది సిమెంటు గాదు, డంగు సున్నం, గానుగల నూరింది. మా తాత గానుగ తిప్పెటోడు. గింత నున్నగ రావాలంటే మస్తు సేపు రుద్దాలె." బెల్లం నీళ్లు, కరక్కాయ ఎందుకు కలుపుతారో కూడా చెప్పాడు. ముందున్న నలుగురైదుగురు గైడ్‌ని వదిలి ఇటు తిరిగారు.

మరమ్మతుల్లో సున్నమే ఎందుకు వాడతారని నేను గైడ్‌ని అడిగితే "పాతది కదా సార్" అన్నాడు. అసలు సంగతి వేరు. పాత ఇటుక నేలలోంచి తేమ పీలుస్తుంది, సున్నపు పూతలోంచి అది ఆవిరైపోతుంది. పైన సిమెంటు కొడితే తేమ లోపలే ఆగిపోయి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మంచి పని చేస్తున్నామనుకుంటూ ఎన్ని పాత భవనాలని ఇలా పాడుచేశామో.

నాకు కావాల్సిన మిగతా విషయాలు వాక్‌లో ఊసే లేవు. పక్కన రాయి పగలగొడుతుంటే పాత గోడ అదురుతుంది. అందుకే పని మొదలుపెట్టకముందే బీటల మీద అడ్డంగా గాజు పలకలు అతికించి ఫోటోలు తీసుకోవాలి. గాజు పగిలిందంటే బీట కదిలినట్టే, మిషన్ ఆపాలి. పునాదికి ముందు చిన్న గుంటలు తవ్వి చూడాలి. భూమిలో పాతుకుని ఏదైనా దొరికితే, విలువ 10 రూపాయలు దాటినా కలెక్టరుకి తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. సైట్లలో ఈ మాట తెలిసినవాళ్లు ఎంతమంది?

వెళ్లేవాళ్లు మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ దగ్గర దిగండి. కోఠిలో పార్కింగ్ గురించి నేను చెప్పక్కర్లేదు. గైడ్‌కి దగ్గరగా నడవండి, లేకపోతే టికెట్ దండగ. కట్టడానికి 5 స్టార్లు, వాక్‌కి రెండున్నర. మరమ్మతులు చేసినవాళ్లలో ఒకరితో మాట్లాడిస్తామంటే టికెట్ డబుల్ చేసినా మళ్లీ వెళ్తాను, ఈసారి మా సైట్ వాళ్లందరినీ తీసుకుని.