కొండకర్ల ఆవా, తాటిపూడా? వైజాగ్ నుంచి ఒక్కరోజుకి ఏది మేలు?

సముద్రాన్ని పక్కన పెట్టుకుని చెరువు చూడ్డానికి పోవడమేంటని వైజాగ్‌లో నవ్వేవాళ్లు ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కారు పెట్టే చోటు కోసం చుట్లు కొట్టినవాళ్లు మాత్రం నవ్వరు. పొద్దున్నే బయల్దేరి, నీళ్ల పక్కన నాలుగు గంటలు గడిపి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలంటే మనకి నిజంగా ఉన్నవి రెండే: అనకాపల్లి అవతల కొండకర్ల ఆవ, ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర తాటిపూడి రిజర్వాయర్.

మిగతా పేర్లు ముందే తీసేద్దాం. చిలికా సరస్సు గొప్పదే, కాదనను. కానీ అది ఒడిశాలో మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. రంభలోనో బర్కుల్‌లోనో ఒక రాత్రి ఉంటే తప్ప వెళ్లి లాభం లేదు. లంబసింగి దగ్గర తాజంగి రిజర్వాయర్ కూడా అందమైనదే. అయితే అక్కడి మంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడ ఉండాలి, అంటే అర్ధరాత్రి దాటగానే బండి తీయాలి. వెనకాల కూర్చున్నవాళ్లు నిద్రపోతారు, నర్సీపట్నం దాటాక ఆ ఘాట్ రోడ్డులో స్టీరింగ్ పట్టుకున్నవాడికే తిప్పలు. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ ఊళ్లో చెరువు కిందే లెక్క. సాయంత్రం ఓ గంట గడపొచ్చు, దానికి క్యారేజీ కట్టుకుని వెళ్లక్కర్లేదు.

ఇక ఈ రెండింట్లో ఏది? అందరూ ఫొటోలు చూసి తేలుస్తారు. నన్నడిగితే ముందు మీ ఇల్లు ఎక్కడో చూసుకోవాలి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఉంటే కొండకర్ల మీకు పక్కిల్లే. గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి వాళ్లకి కొత్తవలస మీదుగా తాటిపూడి తేలిక. తకరారంతా మధురవాడ, ఎండాడ వాళ్లతోనే. ఇదివరకు అనకాపల్లి అంటే ఊరంతా దాటి, ఎన్‌ఏడీ, గాజువాక సిగ్నళ్లన్నీ మొక్కుకుంటూ పోవాలి. ఇప్పుడు ఆనందపురం నుంచి సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల రోడ్డు ఉంది. ఆ దారి పట్టుకుంటే వాళ్లకీ కొండకర్ల దూరం కాదు. సిటీ మధ్య నుంచి లెక్కేస్తే కొండకర్ల యాభై కిలోమీటర్ల లోపు, తాటిపూడి అరవై పైన. ఇంత చిన్న తేడా కంటే ఊళ్లో ట్రాఫిక్కే పెద్దది.

కొండకర్ల ఆవ మనిషి కట్టింది కాదు. చుట్టూ కొండలు, మధ్యలో సహజంగా నిలిచిన మంచినీళ్లు. రాష్ట్రంలో మంచినీటి సరస్సుల్లో కొల్లేరు తర్వాత చెప్పుకునేది దీన్నే. అచ్యుతాపురం మండలంలో ఉంది, 2022లో జిల్లాలు విడదీశాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. వెళ్లాల్సింది అక్కడి దోనె ఎక్కడానికి. రెండు తాటి మొద్దులు తొలిచి, పక్కపక్కన పెట్టి కట్టేస్తారు, అంతే. మోటారు లేదు, శబ్దం లేదు. లోతు తక్కువ కాబట్టి తెడ్డు కంటే గెడకే పని ఎక్కువ. కూర్చోగానే నీళ్లు దోనె అంచుకి బెత్తెడు కిందే కనిపిస్తాయి, మొదటిసారి ఎక్కినవాళ్లకి గుండె జారుతుంది. “కదలకండి బాబూ, ఊగిపోద్ది” అని గెడ పట్టుకున్నాయన ఒక్క మాట అంటాడు, ఆ తర్వాత ఆయనకీ మాటలతో పని ఉండదు. తామరాకులు దోనె పక్కల్ని రాసుకుంటూ వెనక్కి పోతుంటాయి. కాస్త దూరంలో, ఆకుల మీద పొడుగు వేళ్లతో అడుగులేసుకుంటూ ఓ పిట్ట నడుస్తుంటుంది, ఆకు మునగదు. నీలి నీటికోళ్లు, కొంగలు, నీటికాకులు ఏడాది పొడుగునా ఉంటాయి. చలికాలంలో వలస పక్షులు వచ్చి చేరతాయి. బైనాక్యులర్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి, లేకపోతే ఫోన్‌లో జూమ్ చేసి అన్నిటినీ కొంగలే అనుకుని తిరిగొస్తారు.

దీని లోపాలూ చిన్నవి కావు. ఎండలు ముదిరాక నీరు తగ్గి ఒడ్డు దూరం జరిగిపోతుంది, కలుపు పెరిగిపోతే దోనెలకు దారే సన్నబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి తిట్టుకోవద్దు. పొద్దెక్కాక పక్షులు కూడా నీడకి పోతాయి, కాబట్టి ఎనిమిది లోపు గట్టు మీద ఉండాలి. టిఫిన్ అనకాపల్లిలో కానిచ్చేసి వెళ్లండి, భోజనం పులిహోర రూపంలో వెంట ఉంటే నయం. దోనె ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి, మనిషికా, దోనెకా అన్నది కూడా. చిన్న పిల్లలుంటే లైఫ్ జాకెట్ అడగండి. లేదంటే పిల్లల్ని గట్టు మీదే ఆడించండి, మొహమాటపడొద్దు. అచ్యుతాపురం సెజ్ షిఫ్టులు మారే వేళల్లో ఆ రోడ్డు మీద కంపెనీ బస్సులు, లారీలు నిండిపోతాయి. సాయంత్రం అదొక్కటీ చూసుకుని కదలాలి.

తాటిపూడి సంగతి వేరు. ఇది గోస్తనీ నది మీద 1963–68 మధ్య కట్టిన డ్యామ్. అదే గోస్తని, అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా దిగి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో నిలబడి చూస్తున్న ఆ నీళ్లు కొంత మన వైజాగ్ కుళాయిల్లోకే వస్తాయి, పిల్లలకి చెబితే బాగా పట్టుకుంటారు. ఇక్కడ దగ్గరగా చూసేది తక్కువ, దూరంగా చూసేది ఎక్కువ. గట్టు మీద నడుస్తుంటే అటు కొండలు, ఇటు పొలాలు. వానలు పడి రిజర్వాయర్ నిండాక, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా, కొండలు పచ్చగా ఉన్నప్పుడు దీనికి సాటి లేదు. అదే కాలంలో తుపానులూ ఉంటాయి కాబట్టి వాతావరణ సూచన చూసుకుని వెళ్లండి.

బోటు మీద ఆశ పెట్టుకుని మాత్రం బయల్దేరొద్దు. 2019 సెప్టెంబర్‌లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన ప్రమాదం జరిగాక రాష్ట్రమంతటా పర్యాటక బోట్లు ఆపేశారు. అప్పట్నుంచి ఎక్కడైనా సరే, ఆ రోజు బోటు నడుస్తోందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచి అలవాటు. బోటు లేకపోతే తాటిపూడిలో గంటన్నరలో చూడాల్సింది అయిపోతుంది. అందుకే దీన్ని ఒక్కదాన్నే పెట్టుకుని వెళ్లడం నాకు దండగ అనిపిస్తుంది. అరకు నుంచి దిగి వస్తూ, ఎస్.కోట దగ్గర పక్కకి తిరిగి, ఎండ చల్లారాక గట్టు మీద ఓ గంట గడిపితే సొగసుగా ఉంటుంది.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి మాత్రం నా తీర్పు మారుతుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని తాటి దోనెలోకి దించి, మళ్లీ పైకి లాగడం మాటలు కాదు. ఆవిడకి గట్టు దాకా కారు వెళ్లే తాటిపూడే సుఖం. కారు లేనివాళ్లకి కొండకర్లే మేలు. వైజాగ్ నుంచి అనకాపల్లికి బస్సులకీ రైళ్లకీ కరువు లేదు, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. తాటిపూడికి పొద్దున కిరండూల్ రైల్లో ఎస్.కోటలో దిగొచ్చు కానీ, తిరుగు ప్రయాణం మన చేతుల్లో ఉండదు, ఆ టెన్షన్‌తో సరస్సు ఏం చూస్తాం?

మొత్తానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నన్నడిగితే కళ్లు మూసుకుని కొండకర్ల అంటాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. పది, పదిన్నరకి దోనె దిగిపోతే రోజు ఇంకా బోలెడు మిగులుతుంది. అనకాపల్లి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కొండని తొలిచిన బౌద్ధ గుహలు, లోపల బుద్ధ విగ్రహాలు, పక్క కొండ మీద రాతిని చెక్కిన చిన్నా పెద్దా స్తూపాల వరస. మెట్లెక్కాలి కాబట్టి ఎండ నెత్తికెక్కకముందే చూసేయండి. తర్వాత అనకాపల్లిలో బెల్లం కొనుక్కుని మధ్యాహ్నానికే హైవే ఎక్కితే గాజువాక రద్దీ కూడా తప్పుతుంది. సంక్రాంతి సెలవుల్లో పెట్టుకునేవాళ్లు కనుమ ఒక్కరోజు వదిలేయండి. ఆ రోజు బొజ్జన్నకొండ దగ్గర తీర్థం, చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి.